దుంగ మీద దుంగ

ఇల్లు చూడ్డానికి వెళితే మనవాళ్లు గుమ్మం ఎటుందో చూస్తారు, ఈశాన్యం పల్లంగా ఉందో లేదో చూస్తారు. దుంగల ఇల్లు కొనేవాళ్లు మాత్రం ముందు మూలలు చూడాలి. గోడా గోడా ఎలా కలిశాయో చూస్తే, ఆ ఇల్లు కట్టినవాడికి కలప సంగతి ఏపాటి తెలుసో తేలిపోతుంది. రాజమండ్రిలో కలప అడితిలో గుమాస్తాగా చేరి, టేకు దుంగల చుట్టుకొలతలు తీస్తూ, ఘనపుటడుగుల లెక్కలు రాస్తూ జుట్టు నెరిసినవాణ్ణి నేను. మాకు దుంగంటే రంపం కిందికి వెళ్లాల్సిన సరుకు. దాన్ని కోయకుండా పడుకోబెట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చి గోడ లేపుతారని వినడమే గాని, ఆ పని లోతుపాతులు తెలుసుకునే అవసరం ఎప్పుడూ రాలేదు. ఇంగ్లండ్‌లో ఉన్న మా అమ్మాయి పెరట్లో ఆఫీసు గది వేయించుకుంటానన్నప్పుడు వచ్చింది.

కరోనా వచ్చిపోయాక అక్కడ ఇంటినుంచి పనిచేసేవాళ్లు ఎక్కువయ్యారు. దాంతో లాగ్ క్యాబిన్ల బేరాలు కూడా పుంజుకున్నాయి. కేటలాగులన్నీ తెచ్చి, "కర్ర సంగతి నీకు తెలియందేముంది నాన్నా, నువ్వే చూసి చెప్పు" అని నా ముందు పడేసింది. గోడ మందం 28 మిల్లీమీటర్లు, 34, 44, 70. కప్పు వాలు ఇంత, చూరు ఎత్తు ఇంత. తయారీ ఒకచోట ఎస్టోనియా, ఒకచోట లాత్వియా, ఇంకోచోట జర్మనీ. అల్లుడుగారు ధరలు చూస్తున్నారు. నేను ఆ అంకెలు ఎక్కణ్ణించి వచ్చాయో వెతకడం మొదలుపెట్టాను.

రాతలో దొరికే పాత ఆనవాలు రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్‌ది. క్రీస్తుకు కాస్త ముందు ఆయన రాసిన గ్రంథం రెండో భాగంలో, నల్లసముద్రం తూర్పు తీరాన కొల్కిస్ జనం ఇళ్లు కట్టే పద్ధతి వర్ణించాడు. రెండు నిండు మానులను నేలమీద ఎడంగా పడుకోబెట్టేవారు. వాటి కొసల మీద అడ్డంగా మరో రెండు. మళ్లీ వాటిమీద రెండు. అలా నాలుగు పక్కలా బురుజులా లేచేది. సందుల్లో చెక్కపేళ్లు, మట్టి కూరేవారు. ఆ చుట్టుపక్కల అడవి దండిగా ఉంది కాబట్టి ఇలా కడతారని కారణం కూడా చెప్పాడు. ఎక్కడ నిటారు మానులు చవగ్గా దొరుకుతాయో అక్కడే ఈ పద్ధతి పుట్టింది. ఉత్తర యూరప్, రష్యా, ఆల్ప్స్ కొండలు అన్నీ అలాంటి చోట్లే. మన దేశంలోనూ దీనికి దగ్గర చుట్టం ఒకటుంది. హిమాచల్‌లో దేవదారు దూలాలనూ రాతినీ వరస మార్చి వరస పేర్చి, దూలాలను మూలల్లో కలిపి కట్టే కాఠ్‌కుణీ ఇళ్లు. కులూ లోయలోని నగ్గర్ కోట అలా కట్టిందే. 1905 కాంగ్రా భూకంపాన్ని అది తట్టుకుని నిలబడింది.

మరి గోదావరి ఒడ్డున ఈ పద్ధతి ఎందుకు లేదు? భద్రాచలం పై అడవుల నుంచి కలప, వెదురు తెప్పలుగా కట్టి రాజమండ్రి రేవులకు దించిన రోజులున్నాయి. కలపకు కరువు లేదు. కానీ మన టేకు గోడల్లో పేర్చి పారేసే సరుకు కాదు. దుంగను కోస్తే ద్వారబంధాలు, దూలాలు, స్తంభాలు వస్తాయి, చెక్కడానికి చేవ వస్తుంది. గోడకు మట్టీ ఇటుకా ఉండనే ఉన్నాయి. రెండో కారణం చెదలు. నేలకు ఆనించి అడ్డంగా పడుకోబెట్టిన కర్రను అవి బతకనివ్వవు. మూడోది ఎండ. మనకు గాలి ఆడే మండువా కావాలి. చలిదేశాల వాళ్లకు గాలి చొరబడని గది కావాలి. అందుకే మనం మానును నిలబెట్టాం, వాళ్లు పడుకోబెట్టారు.

నిలబెట్టడానికీ పడుకోబెట్టడానికీ ఉన్న తేడాలోనే ఈ వృత్తి మర్మమంతా ఉంది. పచ్చి కర్ర ఆరేటప్పుడు పొడుగు తగ్గదు. తగ్గినా లెక్కలోకి రాదు. అడ్డంగా మాత్రం కుంచించుకుపోతుంది. ఉత్తర యూరప్‌లో దొరికే స్ప్రూస్ పూర్తిగా ఎండితే వలయాల వెంబడి నూటికి ఏడెనిమిది పాళ్లు తగ్గుతుంది. మన మండువా స్తంభం నిలువునా ఉంటుంది గనక వందేళ్లయినా పొట్టిది కాదు. దుంగల గోడ ఎత్తు మాత్రం దుంగల మందాలన్నీ కలిపితే వచ్చినది. అవి ఆరుతుంటే గోడ మొత్తం కిందికి దిగుతుంది. పచ్చి గుండ్రటి దుంగలతో కట్టేవాళ్లు అడుగు ఎత్తుకు ముప్పావు అంగుళం దాకా దిగుతుందని లెక్కవేసుకుంటారు. అంటే ఎనిమిదడుగుల గోడ ఆరంగుళాలు తగ్గొచ్చు. ఆ గోడలో ద్వారబంధాన్ని మేకులు కొట్టి బిగించారా, దిగే గోడ దానిమీద ఆగిపోతుంది, దుంగకూ దుంగకూ మధ్య చెయ్యి పట్టేంత సందు పడుతుంది. అందుకే తెలిసిన వడ్రంగి ద్వారబంధాన్ని గాడిలో జారేలా నిలబెట్టి, దాని నెత్తిన ఖాళీ వదిలి, ఆ ఖాళీని పలకతో కప్పుతాడు.

ఈ సంగతి నార్వే, స్వీడన్, ఫిన్లండ్ రైతులు బళ్లో చదువుకోలేదు. మానులను చలికాలంలో నరికేవారు. చేతిలో గొడ్డలి, గీత గీయడానికి రెండు కొనల ఇనప పనిముట్టు. పై దుంగను కింది దుంగ మీద పెట్టి, ఆ పనిముట్టు ఒక కొనను కింది దుంగ మీద జరుపుతూ పోతే రెండో కొన పై దుంగ మీద అదే వంపు గీస్తుంది. పై దుంగను దొర్లించి, గీత వెంట అడుగుభాగాన పొడవునా గాడి తొలుస్తారు. గాడిలో ఎండిన నాచు పరిచి మళ్లీ బోర్లిస్తారు. కింది దుంగ ఎక్కడ ఉబ్బిందో, ఎక్కడ ముడి ఉందో పై దుంగ గాడి అక్కడ అలాగే పల్లంగా ఉంటుంది. ఒక్క మేకు లేదు. మూలల్లో గంట్లు పెట్టి, రెండు చేతుల వేళ్లు ఒకదానిలో ఒకటి జొప్పించినట్టు రెండు గోడల దుంగలనూ మారుస్తూ పేరుస్తారు. గంటు గుంట పైకి తెరుచుకునేలా పెడితే నీళ్లు నిలిచి కుళ్లుతుంది. కిందికి తెరుచుకుంటే జారిపోతుంది. పనివాడి చెయ్యి తెలిసేది అక్కడే.

కప్పు వేయడంలోనూ ఇంత ఆలోచన ఉంది. నార్వేలో కప్పు పలకల మీద బర్చ్ చెట్టు బెరడు పొరలు పొరలుగా పరిచి, పైన గడ్డితో సహా మట్టిపెళ్లలు వేసేవారు. నీరు ఆపేది బెరడు. మట్టి పని ఆ బెరడును కదలకుండా పట్టి ఉంచడం. చదరపు మీటరుకు దాదాపు పావు టన్ను బరువు. ఆ బరువే దుంగలను ఒకదాని మీద ఒకటి నొక్కిపెట్టి, ఆరేకొద్దీ సందులు పడకుండా కాపాడేది. ఇలా కట్టినవి ఎంతకాలం నిలుస్తాయంటే, నార్వేలోని టెలెమార్క్ ప్రాంతంలో ఎయిడ్స్‌బోర్గ్ మ్యూజియంలో విన్‌డ్లౌస్ గాదె ఉంది. దాని కలప 1167 నాటిది. మన వరంగల్ వేయి స్తంభాల గుడి కట్టిన కాలమే.

మేకులు లేకపోవడం వల్ల ఇంకో లాభం. ఇల్లు విప్పుకోవచ్చు. దుంగలకు గుర్తులు పెట్టి, విప్పి, బండ్లకెత్తి మరో ఊళ్లో నిలబెట్టుకునేవారు. పెళ్లిళ్లకూ పంపకాలకూ ఇళ్లే కదిలేవి. స్టాక్‌హోంలో ఆర్తూర్ హాజేలియుస్ 1885లో మూరా ప్రాంతపు రైతు ఇంటిని కొని, 1891లో స్కాన్సెన్ అనే ఆరుబయలు మ్యూజియం తెరవగలిగాడంటే కారణం ఇదే. ఇటుకతో కట్టిన ఇల్లయితే ఎవరు మోసుకొస్తారు? నార్వేలో ఆ పని అంతకు ముందే మొదలైంది. 1881 నుంచే రాజు ఆస్కార్ సేకరణ కోసం ఓస్లో దగ్గరకు పాత కొయ్య కట్టడాలు తెచ్చి నిలబెట్టారు. 1909లో హెల్సింకీ పక్కన సెయురసారి దీవి కూడా ఇదే దారి పట్టింది.

అమ్మకానికి సిద్ధంగా పెట్టిన ఇల్లు కొత్త సంగతని కేటలాగులు చూసి అనుకుంటాం గాని, 1630లలో మాస్కో వెళ్లిన జర్మన్ యాత్రికుడు ఆడమ్ ఓలియారియుస్ అక్కడ ఇళ్ల సంతే చూశాడు. మాస్కో కొయ్య ఊరు, తరచూ తగలబడేది. కాలిపోయినవాళ్లు సంతకు వెళ్లి, కట్టి విప్పి పెట్టిన దుంగల ఇల్లు కొనుక్కుని, తక్కువ ఖర్చుతో తమ స్థలంలో మళ్లీ నిలబెట్టుకునేవారు. ఈరోజు మా అమ్మాయి ఇంటి ముందు లారీ దించి వెళ్లే చెక్కల కట్టకు ముత్తాత ఆ సంతలో ఉన్నాడు.

ఇక అమెరికా కథ. లాగ్ క్యాబిన్ అనగానే ప్రపంచానికి గుర్తొచ్చేది ఆ దేశమే. 1620లో ప్లిమత్‌లో దిగిన ఇంగ్లీషువాళ్లు దుంగల గుడిసెల్లో కాపురం పెట్టారని చాలాకాలం బొమ్మలు గీశారు, బళ్లలో పాఠాలు చెప్పారు. హెరాల్డ్ షర్ట్‌లెఫ్ అనే చరిత్రకారుడు దీని పనిపట్టాడు. ఆయన పోయాక, 1939లో హార్వర్డ్ ప్రచురించిన పుస్తకంలో ఆ నమ్మకం కట్టుకథని తేలింది. ఇంగ్లీషువాళ్లకు దుంగలు పేర్చడం రాదు. వాళ్లు తమ ఊళ్లో లాగే స్తంభాల చట్రం నిలబెట్టి, పలకలు కొట్టుకున్నారు. దుంగల గోడను అట్లాంటిక్ దాటించినవాళ్లు స్వీడన్ వాళ్లు. 1638లో కాల్మార్ నిక్కెల్, ఫోగెల్ గ్రిప్ అనే ఓడల్లో వచ్చి, ఇప్పటి డెలావేర్‌లోని విల్మింగ్టన్ దగ్గర ఫోర్ట్ క్రిస్టీనా కట్టారు. స్వీడన్ పంపినవాళ్లలో ఫిన్లండ్ జాతివాళ్లు చాలామంది. అడవి కాల్చి, బూడిదలో పంట పండించే పోడు రైతులు. తమ ఊళ్లో అడవి కాల్చకూడదని రాజు ఆంక్షలు పెడితే, సముద్రం దాటి కాల్చుకోవడానికి కావలసినంత అడవి దొరికింది. గొడ్డలి ఒకటి ఉంటే వారాల్లో ఇల్లు లేచే పద్ధతి వాళ్ల చేతుల్లో ఉంది.

ఆ స్వీడిష్ వలస 1655లో డచ్చివాళ్ల చేతుల్లోకి పోయింది. పద్ధతి మాత్రం పోలేదు. పెన్సిల్వేనియాకు వచ్చిన జర్మన్లు తమ పద్ధతి జోడించారు. అల్స్టర్ నుంచి వచ్చిన స్కాచ్-ఐరిష్ వాళ్లు దాన్ని నేర్చుకుని అపలాచియన్ కొండలు దాటించారు. గది ఎంతుండాలో మానే నిర్ణయించేది. ఇద్దరు ముగ్గురు ఎత్తగలిగిన దుంగ పొడుగు ఎంతో గది అంత, సాధారణంగా పదహారు, పద్దెనిమిది, ఇరవై అడుగులు. ఇంకో గది కావాలంటే గోడ పొడిగించడం కుదరదు, పక్కన మరో పెట్టె కట్టాలి. దక్షిణాది వాళ్లు రెండు పెట్టెల మధ్య ఖాళీ వదిలి, రెంటినీ ఒకే కప్పు కిందికి తెచ్చారు. ఆ నడవలో గాలి ఆడుతుంది. మండువా తెలిసినవాళ్లకు వెంటనే అర్థమయ్యే ఏర్పాటు.

గుడిసె రాజకీయాల్లోకి దిగింది 1840లో. విలియం హెన్రీ హారిసన్ అధ్యక్ష పదవికి నిలబడితే, ఎదుటి పక్షం పత్రిక ఒకటి ఎగతాళి చేసింది. ఆయనకో పీపా పులిసిన ఆపిల్ రసం, పింఛనూ ఇస్తే దుంగల గుడిసెలో కూర్చుని కాలక్షేపం చేస్తాడని. హారిసన్ మనుషులు ఆ తిట్టునే జెండా చేసుకున్నారు. ఊరూరా దుంగల గుడిసెలు కట్టారు, బండ్లమీద ఊరేగించారు. పత్రిక పెట్టి దానికి 'లాగ్ క్యాబిన్' అనే పేరే పెట్టారు. అసలు హారిసన్ పుట్టింది వర్జీనియాలో పెద్ద ఇటుక భవనంలో, భూస్వామి ఇంట. ఆయన చేతిలో ఓడిన మార్టిన్ వాన్ బ్యురెన్ పూటకూళ్లవాడి కొడుకు. గెలిచి గద్దెనెక్కిన నెల్లాళ్లకు, 1841 ఏప్రిల్ 4న హారిసన్ కన్నుమూశాడు. గుడిసె మాత్రం ఓట్లు తెచ్చే సరుకుగా స్థిరపడింది. గుడిసెలో పుట్టిన అధ్యక్షుల్లో ఆఖరివాడు 1831లో ఒహాయోలో పుట్టిన జేమ్స్ గార్ఫీల్డ్.

వాళ్లలో లింకన్ది వేరే లెక్క. 1809 ఫిబ్రవరి 12న కెంటకీలో హాడ్జెన్‌విల్ దగ్గర నిజంగానే దుంగల గుడిసెలో పుట్టాడు. ఆ గుడిసె ఎప్పుడో పోయింది. 1890లలో ఆ పొలం కొన్నవాళ్లు, చుట్టుపక్కల దొరికిన ఒక పాత గుడిసె దుంగలను ఆయన పుట్టిల్లని ప్రదర్శనలకు తిప్పారు. 1897లో నాష్‌విల్ ఎగ్జిబిషన్‌లో లింకన్ గుడిసెనూ, ఆయనతో యుద్ధం చేసిన జెఫర్సన్ డేవిస్ గుడిసెనూ పక్కపక్కన నిలబెట్టారు. తర్వాత రెంటి దుంగలూ కలిసిపోయాయి. శతజయంతినాడు, 1909లో, పుట్టినచోట పాలరాతి మందిరానికి పునాదిరాయి వేశారు. వాస్తుశిల్పి జాన్ రసెల్ పోప్. యాభయ్యారేళ్లు బతికినందుకు యాభయ్యారు మెట్లు. మందిరం లేచాక చూస్తే గుడిసె చుట్టూ జనం తిరగడానికి చోటు చాల్లేదు. మందిరం పెంచలేదు, గుడిసెను కోశారు. 16 అడుగులకు 18 ఉన్నదాన్ని 12కు 17 చేశారు. ఆ తర్వాత వలయాలు లెక్కపెట్టి చూస్తే ఆ కలప 1840ల నాటిదని తేలింది. లింకన్ అప్పటికి నడివయసు లాయరు. దుంగకు అబద్ధం చెప్పడం రాదు, లోపల వలయాలుంటాయి.

అమెరికా గుడిసె అంటే పొగమంచు, పొయ్యి, పేదరికంలో పెరిగిన గొప్పవాడు అనుకునేవాళ్లు ఇంకో గుడిసెనూ గుర్తుపెట్టుకోవాలి. నల్లజాతి నాయకుడు బుకర్ టి. వాషింగ్టన్ వర్జీనియాలో బానిస తల్లికి పుట్టిన గుడిసె కొలతలు ఆయన ఆత్మకథలోనే ఉన్నాయి, దాదాపు 14 అడుగులకు 16. అద్దాల కిటికీలు లేవు, నేల మట్టి. ఆ గుడిసే తోట యజమానుల వంటిల్లు కూడా. తల్లి వంటమనిషి. నేల నడుమ గొయ్యి తవ్వి, పలకలు కప్పి చిలగడదుంపలు దాచేవారు. అదే పద్ధతి, అవే మూలలు. ఆ గుడిసెను ఎవరూ ఊరేగించలేదు.

గుడిసె అవసరం నుంచి సరదాలోకి మారింది పంతొమ్మిదో శతాబ్దం చివరలో. న్యూయార్క్ రాష్ట్రంలో అడిరాండాక్ అడవుల్లో విలియం వెస్ట్ డ్యూరంట్ 1870లలో రాకెట్ సరస్సు ఒడ్డున పైన్ నాట్ అనే విడిది కట్టడం మొదలుపెట్టాడు. రైల్వే డబ్బు, బెరడు తీయని దుంగలు. 1904లో యెల్లోస్టోన్‌లో ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఇన్ లేచింది. పేదవాడి గోడ ధనవంతుడి వేడుకైంది. ఈ సందట్లో 1845లో వాల్డెన్ చెరువు పక్కన కట్టుకున్న రచయిత థోరో గదిని కూడా చాలామంది లాగ్ క్యాబిన్ అనేస్తారు. కాదు. చెక్కిన కర్రల చట్రం మీద, ఒక ఐరిష్ రైల్వే కూలీ పాక విప్పి తెచ్చిన పలకలు కొట్టుకున్నాడాయన. 10 అడుగులకు 15, ఖర్చు 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లు. కలపవాడిగా ఆ ఖర్చుల పద్దు నాకు భలే నచ్చింది.

గది పెరట్లోకి వచ్చిన దారి యూరప్‌లోదే. విక్టోరియా రాణి పిల్లల కోసం 1854 నాటికి ఐల్ ఆఫ్ వైట్‌లోని ఆస్బోర్న్ తోటలో స్విస్ తరహా కొయ్య ఇల్లు తయారైంది. పక్కన ఒక్కొక్కరికీ ఒక మడి, పేరక్షరాలు రాసిన తోపుడు బండి. సంగీతకారుడు గ్రీగ్ 1891లో బెర్గెన్ దగ్గర ఇంటికింద, సముద్రపు పాయ ఒడ్డున, ఒక్క పియానో, ఒక్క బల్ల పట్టే గది వేయించుకున్నాడు. ఇంట్లో ఉంటూ ఇంటికి దూరంగా పనిచేసుకోవాలన్న కోరిక మా అమ్మాయి తరంతో పుట్టింది కాదు. సామాన్యుడికి మాత్రం ఈ గది జర్మనీలో దొరికింది. లైప్‌జిగ్‌లో 1864లో డాక్టర్ ష్రేబర్ పేరుతో పెట్టిన సంఘం నుంచి పట్నవాసుల చిన్నతోటల ఉద్యమం ఊపందుకుంది. ప్రతి తోటలో ఒక కొయ్య గది. 1983లో ఆ దేశం చేసిన చట్టం ప్రకారం వసారాతో సహా అది 24 చదరపు మీటర్లు మించకూడదు, శాశ్వత కాపురానికి పనికిరాకూడదు. ఇప్పటి కేటలాగుల్లో గదులు చిన్నవిగా, ముందు చిన్న వసారాతో ఉండడానికి ఈ తోటల అలవాటే చాలావరకు మూలం.

ఫ్యాక్టరీ పని కూడా జర్మనీలోనే జోరందుకుంది. సాక్సనీలోని నీస్కీలో క్రిస్టోఫ్ అండ్ ఉన్‌మాక్ కంపెనీ 1920లలో కొయ్య ఇళ్లు వరసపెట్టి తయారుచేసేది. అక్కడ ప్రధాన ఆర్కిటెక్ట్‌గా పనిచేసిన కోన్రాడ్ వాక్స్‌మన్, 1929లో కపూట్ ఊళ్లో ఐన్‌స్టీన్‌కు వేసవి ఇల్లు కట్టాడు. ఐన్‌స్టీన్ అందులో మూడేళ్లే ఉండగలిగాడు. 1932 డిసెంబరులో వెళ్లినవాడు మళ్లీ రాలేదు. మూడేళ్ల పనిలో నేర్చినదంతా వాక్స్‌మన్ 1930లో పుస్తకంగా వేశాడు. ఫిన్లండ్‌లో 1958లో సారెలైనెన్ సోదరులు లియెక్సా ప్రాంతంలో దుంగలను యంత్రంతో ఒకే కొలతకు దొర్లించి చిత్రిక పట్టే పని మొదలుపెట్టారు. అదే హోంకా కంపెనీ. ఐదు లక్షలకు పైగా వేసవి ఇళ్లున్న దేశంలో గిరాకీకి లోటేముంది. వంపు చూసి గీసే పనిముట్టుకు ఇక పనిలేదు. ప్రతి పలకకూ పైన నాలుక, కింద గాడి. మూలకు వచ్చేచోట పైనా కిందా కోసిన గంటు. ఆరంగుళాల దుంగ క్రమంగా ఇంచుముప్పావు పలకైంది. సోవియట్ కూలాక ఎస్టోనియా, లాత్వియా మిల్లులు ఈ పలకల గదులను పడమటి దేశాల తోటలకు పంపడం మొదలుపెట్టాయి. కొయ్య ఇళ్ల ఎగుమతిలో యూరప్‌లో ఇప్పుడు ఎస్టోనియాది ముందువరస.

కప్పు ఇంత బల్లపరుపుగా ఎందుకుందో కూడా కేటలాగులో అర్థంకాని విషయమే. మట్టిపెళ్లల కప్పుల వాలు ఎక్కడ, ఇదెక్కడ? కారణం ఇంగ్లండ్ చట్టం. 2008లో మారిన నిబంధనల ప్రకారం సరిహద్దుకు రెండు మీటర్లలోపు వేసే పెరటి గది ఎత్తు రెండున్నర మీటర్లు దాటితే అనుమతి తెచ్చుకోవాలి. దూరంగా వేస్తే రెండు వైపుల వాలున్న కప్పు నాలుగు మీటర్ల దాకా లేపొచ్చు, చూరు మాత్రం రెండున్నరే. ఇంటి చుట్టూ ఉన్న స్థలంలో సగానికి మించి కట్టకూడదు. పదిహేను చదరపు మీటర్లలోపు, పడక లేని గదికి బిల్డింగ్ రెగ్యులేషన్లు వర్తించవు. అక్కడి పెరళ్లు చిన్నవి. ఏ మూల వేసినా కంచెకు రెండు మీటర్లలోపే. అందుకని కప్పులన్నీ వంగి సలాం కొడుతున్నాయి.

ఇంత చదివాక షోరూముకు వెళ్లాం. అద్దంలా మెరిసే గదులు. అందులో ఒక గది వెనక గోడకు పుస్తకాల అర బిగించారు. దాని ఇనప కోణాలను నిలువునా నాలుగు పలకలకు స్క్రూలు వేసి కట్టేశారు. ఆ నాలుగు పలకలూ కదలడానికి లేదు. ఎండాకాలంలో మిగతా గోడ కుంచించుకుని దిగింది, ఇవి దిగలేకపోయాయి. అర వెనక ఆ పలకల మధ్య నా వేలిగోరు దూరేంత సందు, అందులోంచి వెలుతురు. అమ్మే కుర్రవాడు "సహజమైన కర్ర కదా సార్" అన్నాడు. కర్ర సహజమే, స్క్రూలు కాదు. పేరున్న దుకాణమే. పేరెందుకు గాని, పన్నెండో శతాబ్దపు టెలెమార్క్ రైతు చేయని పని అది.

చివరికి 44 మిల్లీమీటర్ల స్ప్రూస్ గది తీసుకున్నాం. 28 పనిముట్ల కొట్టుకు చాలు. ఏడాది పొడవునా కూర్చునే గదికి 44కు తక్కువ వద్దన్నాను. అదైనా ఒంటి పలక చలిని ఆపదు, నేలకూ కప్పుకూ దళసరి ఇన్సులేషన్ వేయించాలి. అక్కడి వ్యాపారులు స్ప్రూస్‌ను తెల్లకర్ర అంటారు, స్కాట్స్ పైన్‌ను ఎర్రకర్ర అంటారు. రెంటిలోనూ మన టేకు చేవ ఉండదు. అందుకని లోపలా బయటా, పలక కొసల దగ్గర మరీ, మందు పట్టించాలి. కొసలే నీళ్లు తాగేది. పునాది రసమట్టం పెట్టి చూసి సరిచేశాకే మొదటి పలక వేయాలి. ద్వారబంధానికీ గోడకూ మధ్య ఒక్క మేకు కూడా వద్దు, నెత్తిన ఖాళీ ఉండాలి. గాలికి కప్పు లేవకుండా మూలల్లో పెట్టే నిలువు పట్టీలకు గుండ్రటి బెజ్జం కాదు, నిలువు చీలిక ఉండాలి. అప్పుడే గోడ పైకీ కిందికీ ఆడుతుంది. బిగించడానికి వచ్చిన పోలండ్ వడ్రంగికి ఇవేవీ చెప్పాల్సిన అవసరం రాలేదు. నన్ను చూసి నవ్వి, పట్టీ చీలికలో స్క్రూ సగానికే బిగించి చూపించాడు.

ఈమధ్య అరకు వైపు, హైదరాబాదు చుట్టుపక్కల రిసార్టుల్లో లాగ్ క్యాబిన్లని చూపిస్తున్నవి కొన్ని చూశాను. చట్రం నిలబెట్టి, పైకి అరదుంగలు అతికించినవే ఎక్కువ. మూలల్లో దుంగలు ఒకదానిలో ఒకటి దిగవు, కొసలు విడిగా మేకులతో కొట్టి ఉంటాయి. చూడ్డానికి బాగుంటే ఉండనివ్వండి, కానీ దుంగల ఇంటి ధర పెట్టకండి. విదేశీ స్ప్రూస్ తెప్పించి మన నేలమీద పెట్టేవాళ్లకు చెదల సంగతి అమ్మేవాడు చెప్పడు. నేను చెబుతున్నాను. గోదావరి జిల్లాల్లో మండువా ఇళ్లు పడగొట్టిన చోట పాత టేకు ఇప్పటికీ దొరుకుతోంది. ఆరవలసినంత ఎప్పుడో ఆరిపోయిన కర్ర, చెదలు ముట్టని చేవ. తోటలో కొయ్య గది కావాలనుకునేవాళ్లు ముందు అక్కడ బేరం చేయండి. పాత ద్వారబంధాలూ దూలాలూ తెచ్చి, మన వడ్రంగి చేత మన పద్ధతిలో స్తంభాలు నిలబెట్టి కట్టించుకోండి. ఖర్చు తక్కువ కాకపోవచ్చు, మనుమల కాలానికీ నిలుస్తుంది.